బొగ్గుబాయి ఊళ్లలో వీధికుక్కలు, నేలలో నట్టలు

వీధికుక్క కరిస్తే ఊరంతా తెలుస్తుంది. అదే కుక్క తెల్లారుజామున క్వార్టర్ల మధ్య ఖాళీ జాగాలో మలవిసర్జన చేసి పోతే ఎవరూ పట్టించుకోరు. ఆ మలం ఎండకు పొడి అవుతుంది, వానకు కరిగి మట్టిలో కలుస్తుంది. అందులోని నట్టల గుడ్లు మాత్రం కరగవు. నెలలపాటు, నీడపట్టున చల్లగా ఉంటే ఏళ్లపాటు, అక్కడే ఉండిపోతాయి. కుక్క పేగుల్లో పెరిగే ఈ పురుగులు మట్టిలోంచి చేతివేళ్లకు, ఉత్తకాళ్లకు, ఆకుకూరలకు అంటుకుని మనిషి ఒంట్లోకి చేరడమే ఈ వ్యాసంలోని విషయం. సింగరేణి బొగ్గు పట్టీలోని ఊళ్లను, అందులోనూ మంచిర్యాల జిల్లా కాసిపేట, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతాన్ని, గోదావరికి అవతలి ఒడ్డున ఉన్న గోదావరిఖని, రామగుండాలను దృష్టిలో పెట్టుకుని రాసినది. రేబిస్ వైరస్ వల్ల వచ్చేది, పరాన్నజీవి జబ్బు కాదు. కాబట్టి దాని ప్రస్తావన అవసరమైన మేరకే ఉంటుంది.

ప్రాంతం

కాసిపేటను వరంగల్ పక్కనున్న రైల్వే జంక్షన్ కాజీపేటతో కలిపి పొరబడేవారు చాలామంది. ఇది మంచిర్యాల జిల్లాలో మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడేదాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. సింగరేణి మందమర్రి ఏరియా పరిధిలోని కాసిపేట గనులు, దేవాపూర్ సిమెంటు ఫ్యాక్టరీ, చుట్టూ ఆదివాసీ గూడేలు, కొంచెం దూరంలో బెల్లంపల్లి. పల్లె, పట్నం, అడవి, గని ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న చోటు ఇది.

1871లో విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు పొరలను గుర్తించారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది, 1920లో అదే సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. ఇప్పుడు అందులో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. ఇక్కడివాళ్లు దాన్ని ఉత్త ‘కంపెనీ’ అనే అంటారు. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికుల సంఖ్య నేడు నలభై వేల దరిదాపులకు తగ్గింది. భూగర్భ గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, ఓపెన్‌కాస్టులు పెరిగాయి.

కుక్కల సంగతికి ఈ చరిత్రతో సంబంధం ఉంది. గని మూతపడితే కార్మికుడు బదిలీ మీద పోతాడు, క్వార్టర్ ఖాళీ అవుతుంది. తలుపులు ఊడిన క్వార్టర్ ఈనిన కుక్కకు అనువైన చోటు. కప్పు ఉంటుంది, నీడ ఉంటుంది, మనిషి అలికిడి ఉండదు. ఓపెన్‌కాస్టు కోసం ఊరు ఖాళీ అయినా జరిగేది ఇలాంటిదే. మనుషులు పునరావాస కాలనీకి పోతారు, కుక్కలన్నీ వెంట పోవు. తిండి వెతుక్కుంటూ అవి దగ్గరి బస్తీకో, గని గేటు దగ్గరి హోటళ్ల వెనక్కో చేరతాయి. గనిలో రాత్రి షిఫ్టు ఉంటుంది కాబట్టి బొగ్గు ఊళ్లు పూర్తిగా నిద్రపోవు. అర్ధరాత్రి కూడా చాయ్ బండి ఉంటుంది, దాని పక్కన పడేసిన తిండి ఉంటుంది, దానికోసం కాచుకున్న నాలుగైదు కుక్కలుంటాయి.

2019 పశుగణన ప్రకారం దేశంలో వీధికుక్కలు సుమారు 1.53 కోట్లు. అవి ఎక్కడ ఎన్ని బతుకుతాయన్నది అక్కడ పారేసే తిండిని బట్టి ఉంటుంది. కుక్కను మాత్రమే చూసి చెత్తకుప్పను చూడని చర్చ సగమే చర్చ అవుతుంది.

గనుల పాత జబ్బు

పురుగులకూ గనులకూ సంబంధం కొత్తది కాదు. ఆల్ప్స్ పర్వతాల కింద 1872 నుంచి 1882 వరకు తవ్విన గోట్‌హార్డ్ రైలు సొరంగంలో కూలీలు పాలిపోయి, ఆయాసంతో కూలిపోయారు. ఇటలీ శాస్త్రవేత్త ఎడోవార్డో పెరొంచీటో 1880లో దాని మూలం పట్టుకున్నారు. అది కొంకిపురుగు. పేగు గోడను పళ్లతో పట్టుకుని రక్తం పీల్చే సన్నని పురుగు. తర్వాత 1902లో ఇంగ్లండులోని కార్న్‌వాల్ తగరపు గనుల్లోనూ జె.ఎస్. హాల్డేన్ ఇదే కారణం చూపారు. లోపల వెచ్చదనం, చెమ్మ, చీకటి, పైగా మరుగుదొడ్డి లేకపోవడం. ఈ నాలుగూ కలిస్తే పురుగు పిల్ల మట్టిలో హాయిగా బతుకుతుంది. మన దేశంలో 1952 గనుల చట్టం గనిలో మరుగుదొడ్లు, తాగునీరు తప్పనిసరి చేసింది.

ఆ పురుగు మనిషిది, ఒకరి మలం నుంచి ఇంకొకరి కాలికి ఎక్కేది. అది చర్మంలోంచి దూరుతుందని బయటపడిన తీరు కూడా విచిత్రమే. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఈజిప్టులో పనిచేస్తున్న ఆర్థర్ లూస్ చేతిమీద పురుగు పిల్లలున్న నీటిబొట్టు పొరపాటున పడింది. చర్మం మండింది, ఎర్రబడింది, కొన్ని వారాలకు ఆయన మలంలోనే గుడ్లు కనిపించాయి. అదే లూస్ 1911లో సిలోను నుంచి వచ్చిన ఒక పునుగుపిల్లి పేగుల్లో ఇంకో రకం కొంకిపురుగును వర్ణించి దానికి సైలానికం అని పేరు పెట్టారు. రెండేళ్లకు, 1913లో, కలకత్తా ఖైదీల్లో అదే పురుగు కనబడింది. కుక్కలోనూ పిల్లిలోనూ పెరిగే ఈ రకం మనిషి పేగుల్లోనూ పూర్తిగా ఎదిగి గుడ్లు పెట్టగలదు. మిగతా కుక్క కొంకిపురుగులు మనిషిలో ఎక్కువగా దారి తప్పి తిరుగుతాయి, ఇది మాత్రం ఇల్లు కట్టుకుంటుంది.

మన బొగ్గు కాలనీలకు బాగా దగ్గరగా వచ్చే పరిశోధన అస్సాం తేయాకు తోటల కూలీ లైన్లలో జరిగింది. రెబెకా ట్రావ్‌బ్ బృందం 2002లో ప్రచురించిన ఫలితాల ప్రకారం అక్కడి కుక్కల్లో 99 శాతం మనిషికి అంటుకునే పరాన్నజీవుల్లో కనీసం ఒకదాన్నయినా మోస్తున్నాయి. ఇరుకు వరుస ఇళ్లు, ఆరుబయట మలవిసర్జన, ఇంటింటా తిరిగే కుక్కలు అన్నీ ఉన్న చోటు అది. ఆ అంకెను నేరుగా సింగరేణికి అంటగట్టడం సరికాదు. కానీ వరుస ఇళ్ల జీవితం ఎరిగినవాళ్లకు ఆ చిత్రం కొత్తగా ఉండదు.

ఇసుక కుప్ప

కుక్క కొంకిపురుగు గుడ్డు వెచ్చని తడిమట్టిలో ఒకటి రెండు రోజుల్లో పగులుతుంది. పిల్ల అయిదు నుంచి పది రోజుల్లో చర్మాన్ని తొలిచే దశకు చేరి, అనుకూలిస్తే మూడు నాలుగు వారాలు కాచుకుని ఉంటుంది. దానికి కావలసింది గాలి ఆడే గుల్లనేల, చెమ్మ, నీడ. రేగడి కన్నా ఇసుకనేల మేలు. గోదావరి లోయ బొగ్గు పొరల మీద ఉన్నవి ఇసుకరాళ్లు, వాటి నుంచి వచ్చిన నేలలు చాలాచోట్ల ఇసుక పాలు ఎక్కువున్నవే.

పైగా ఈ ఊళ్లకు ఇసుక గని అవసరం కూడా. భూగర్భంలో బొగ్గు తీసిన ఖాళీలను నింపడానికి గోదావరి ఇసుకను తెచ్చి నీటితో కలిపి లోపలికి పంపేవారు. ఇళ్ల పనుల కోసం పోసుకున్న కుప్పలు సరేసరి. ఇసుక కుప్ప ఎండాకాలం సాయంత్రం చల్లబడుతుంది, చలికాలం పొద్దున వెచ్చగా ఉంటుంది. కుక్క దాన్ని ముందు కాళ్లతో గీరి, గుంత చేసుకుని పడుకుంటుంది, పక్కనే మలం పోసి కాళ్లతో ఇసుక ఎగదన్నుతుంది. బడి వదిలాక అదే కుప్పమీద పిల్లలు పిచ్చుక గూళ్లు కడతారు. కాలు ఇసుకలో పెట్టి, పైన తడి ఇసుక అద్ది, మెల్లగా కాలు తీసే ఆ ఆట మనమందరం ఆడినదే. కొంకిపురుగు పిల్లకు అంతకన్నా సులువైన దారి ఇంకోటి లేదు.

అలా దూరిన కుక్క పురుగు మనిషి చర్మం లోపలి పొరను దాటలేక, పైపొర కిందే పాకుతుంది. పాదం మీదో, పిర్ర మీదో ఎర్రగా ఉబ్బిన సన్నటి గీత మొదలై, మెలికలు తిరుగుతూ రోజుకు కొద్ది మిల్లీమీటర్ల నుంచి సెంటీమీటరు రెండు దాకా సాగుతుంది. రాత్రిళ్లు దురద నిద్రపోనివ్వదు. దీన్ని తామర అనుకుని దుకాణంలో ఇచ్చిన స్టెరాయిడ్ మలాం వారాల తరబడి రాయడం మామూలుగా జరిగే పొరపాటు. తామర గుండ్రంగా వ్యాపిస్తుంది, ఇది దారిలా సాగుతుంది. ఆ తేడా చాలు గుర్తుపట్టడానికి. ఐవర్‌మెక్టిన్ లేదా ఆల్బెండజోల్ వేస్తే తగ్గిపోతుంది. కుక్క కొంకిపురుగు ఎప్పుడైనా మనిషి పేగులకు చేరితే తీవ్రమైన కడుపునొప్పి తెస్తుందని 1990 ప్రాంతంలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ వైద్యులు గుర్తించారు.

ఎండాకాలం రామగుండంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండకు ఎదురుగా ఉన్న నేలమీద ఈ పిల్లలు బతకవు. అపాయం వానల్లోను, వానల తోకలోను ఉంటుంది. గనిలోకి దిగేటప్పుడు కార్మికుడి కాళ్లకు బూట్లుంటాయి, అది నిబంధన. ఇంటికొచ్చాక వాకిట్లో, నల్లా దగ్గర, పెరట్లో ఉత్తకాళ్లే. వానలు వెనకబడుతున్న రోజుల్లోనే బతుకమ్మ వస్తుంది. ఆడవాళ్లు కాలనీ మైదానంలో చెప్పులు విడిచి ఆడతారు. ఆ తర్వాత అయ్యప్ప మాల వేసుకున్న స్వాములు నలభై ఒక్క రోజులు చెప్పుల్లేకుండా నడుస్తారు. నియమాన్ని తప్పించమనడం ఎవరికీ తగదు. ఆడే మైదానాన్ని, పీఠం దగ్గరి దారిని ముందుగా ఊడ్చి మలం ఎత్తివేయించడం మాత్రం చేయదగిన పని.

చిత్తకార్తె నుంచి సంక్రాంతి దాకా

కుక్క ఏలికపాము, శాస్త్రం పేరు టాక్సోకారా కానిస్, ఈ వ్యాసంలోని పురుగులన్నింటిలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది. దీని కథ తెలుగువాళ్లకు పంచాంగంతోనే చెప్పవచ్చు.

చిత్తకార్తె అంటే కుక్కలు జతకట్టే రోజులని పల్లెలో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. అక్టోబరు నడిమి రెండు వారాలు అది. కుక్క చూలు 63 రోజులు. అంటే డిసెంబరు రెండో సగంలో ఖాళీ క్వార్టర్లలో, మెట్ల కింద, మోరీ గూనల్లో పిల్లలు పుడతాయి. పుట్టేసరికే వాటిలో చాలావాటి ఒంట్లో ఏలికపాము పిల్లలుంటాయి. ఎందుకంటే తల్లి కండరాల్లో ఏళ్లుగా ముడుచుకుని పడుకున్న పురుగు పిల్లలు చూలు ఆరు వారాలు దాటాక మేల్కొని, మాయను దాటి కడుపులోని కూనల్లోకి పోతాయి. కొన్ని తర్వాత పాలతో కూడా వెళ్తాయి. అందుకే ఎంత శుభ్రమైన చోట పుట్టినా కుక్కపిల్లకు నట్టలుంటాయి. మూడు వారాలు నిండేసరికి అవి పేగుల్లో పెద్దవవుతాయి. పిల్ల పొట్ట డప్పులా ఉబ్బుతుంది, వెంట్రుక మెరుపు పోతుంది, కొన్నిసార్లు తెల్లటి నూలుపోగుల్లాంటి పురుగులు కక్కుతుంది. ఒక్క ఆడ పురుగు రోజుకు రెండు లక్షల దాకా గుడ్లు పెట్టగలదు.

జనవరి మొదటి, రెండో వారాల్లో ఆ గుడ్లు నేలమీద పడడం మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే సంక్రాంతి సెలవులు. పిల్లలు గాలిపటాల దారం పట్టుకుని మైదానాల్లో ఉంటారు, ముద్దొచ్చే కుక్కపిల్లలను ఒళ్లోకి తీసుకుంటారు. అప్పుడే పడిన గుడ్డు వెంటనే అంటుకోదు. అందులో పిల్ల తయారవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కాబట్టి కుక్కపిల్లను ఎత్తుకున్నంత మాత్రాన భయపడనక్కర లేదు. భయపడవలసింది దాని కింద ఉన్న పాత మట్టి గురించి. గుడ్డు పైపెంకు జిగురుగా ఉంటుంది. గోళ్ల సందుల్లో, కొత్తిమీర వేళ్ల దగ్గర, బంతి మీద అంటుకుపోతుంది.

మింగిన గుడ్డు మనిషి పేగులో పగిలి, బయటికొచ్చిన పురుగు పిల్ల రక్తంలో పడి కాలేయానికి, ఊపిరితిత్తులకు, కంటికి, అరుదుగా మెదడుకు పోతుంది. మనిషి దానికి సొంత ఇల్లు కాదు కాబట్టి పెద్దది కాలేదు. తిరుగుతుంది, ఎక్కడో ఆగుతుంది, చుట్టూ వాపు పుడుతుంది. 1950లో అమెరికాలో హెలెనార్ వైల్డర్, కంతి ఉందనుకుని తీసేసిన పిల్లల కళ్లను సూక్ష్మదర్శిని కింద చూసి వాటిలో చాలావాటిలో పురుగు పిల్లలు కనిపెట్టారు. 1952లో పాల్ బీవర్ బృందం లోపలి అవయవాల్లో తిరిగే ఈ జబ్బును వర్ణించి, మూలం కుక్క ఏలికపామేనని చూపించింది. మట్టి తినే అలవాటున్న పసిపిల్లల్లో ఇది ఎక్కువ. జ్వరం, దగ్గు, పిల్లికూతలు, కాలేయం పెరగడం దీని లక్షణాలు.

బొగ్గు ఊళ్లలో ఇక్కడే ఒక చిక్కుంది. పిల్లవాడు దగ్గినా, ఆయాసపడినా తల్లిదండ్రులకూ డాక్టరుకూ ముందుగా తోచేది బొగ్గు దుమ్ము. దుమ్ము నిజంగా ఉంది, అది చేసే హానీ నిజమే. కానీ అన్ని దగ్గులూ దాని ఖాతాలోనే పడితే మట్టి తినే రెండేళ్ల పిల్లలోని పురుగు సంగతి ఎవరూ అడగరు. మలపరీక్ష చేయించినా లాభం లేదు. ఆ పురుగు మనిషిలో గుడ్లు పెట్టదు కాబట్టి ఫలితం ‘ఏమీ లేదు’ అనే వస్తుంది. రక్తపరీక్షలో ఇసినోఫిల్ కణాలు బాగా పెరిగి ఉంటే అనుమానించాలి. ఇది ఏ చిన్న దవాఖానలోనైనా చేయగల చవక పరీక్ష. తర్వాత యాంటీబాడీల పరీక్షతో నిర్ధారించుకోవచ్చు.

యాట పోగులు

కుక్క బద్దెపురుగుల్లో మనిషికి బాగా చేటు చేసేది ఎకైనోకాకస్ గ్రాన్యులోసస్. బద్దెపురుగంటే గజాల పొడవు ఊహించుకుంటాం. ఇది 3 నుంచి 6 మిల్లీమీటర్లు, బియ్యపు గింజ పాటి. కుక్క పేగులో వేలకొద్దీ ఉన్నా కుక్క హుషారుగానే ఉంటుంది.

దీనికి రెండు ఇళ్లు కావాలి. ఒకటి కుక్క, రెండోది గొర్రె, మేక వంటి మేత జీవం. కుక్క మలంలోని గుడ్లు గడ్డితో గొర్రె కడుపులోకి పోతాయి, కాలేయంలోనో ఊపిరితిత్తిలోనో నీటితిత్తి కడతాయి. ఆ తిత్తి ఉన్న ముక్క మళ్లీ కుక్క నోట పడితే చక్రం పూర్తవుతుంది. గొర్రె బదులు మనిషి గుడ్లు మింగితే తిత్తి మనిషిలో కడుతుంది. ఏళ్ల తరబడి నొప్పి లేకుండా పెరిగి, ఒకనాడు స్కానింగులో నారింజ పండంతో కొబ్బరికాయంతో కనబడుతుంది. లోపల పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. మన దేశంలో ఈ జబ్బు ఎక్కువగా నమోదైన ప్రాంతాల్లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడులను వైద్య గ్రంథాలు పేర్కొంటాయి. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం తెలంగాణది.

ఆదివారమో, దసరాకో నలుగురు కలిసి యాటను కొని, ఇంటి వెనక చెట్టుకింద కోసి పోగులు వేసుకోవడం ఈ ప్రాంతపు అలవాటు. తునకలు, బొక్కలు, కార్జం సమానంగా పంచుతారు. కత్తి పట్టినాయన కార్జం మీద తెల్లటి బుడ్డ చూస్తే ఆ ముక్కను కోసి పక్కకు విసురుతాడు. తినేవాళ్ల మేలు కోరే విసురుతాడు. కానీ అరగంటగా కాచుకుని ఉన్న కుక్క దాన్ని నేలమీద పడకుండానే అందుకుంటుంది. చక్రం తిరిగేది ఆ ఒక్క క్షణంలోనే. బుడ్డ ఉన్న మాంసం తిన్న మనిషికి జబ్బు రాదు, కుక్కకే వస్తుంది. ఆరేడు వారాల తర్వాత ఆ కుక్క మలంతో మనుషులకు వస్తుంది. ఆ ముక్కను పొయ్యిలో పడేసి కాల్చాలి, లేదా కుక్క తవ్వలేనంత లోతున పూడ్చాలి. కాస్త ఆలస్యమైనా బాగా ఉడకబెట్టి పడేసినా సరే.

పందొమ్మిదో శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో ఈ జబ్బు ఇంటింటా ఉండేది. డెన్మార్క్ శాస్త్రవేత్త హారాల్డ్ క్రాబ్బె అక్కడికి వెళ్లి పరిశోధించి, 1864లో చిన్న పుస్తకం రాస్తే ప్రభుత్వం దాన్ని ఇంటికొకటి చొప్పున ఉచితంగా పంచింది. తిత్తులను కుక్కలకు వేయకండి, కాల్చండి లేదా పూడ్చండి అన్నదే అందులోని ముఖ్యమైన మాట. 1869లో చట్టం వచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో జబ్బు ఆ దీవి నుంచి పోయింది. కుక్కల బద్దెపురుగులకు గట్టి మందైన ప్రాజిక్వాంటెల్ వచ్చింది 1970ల్లో. అంటే ఐస్‌లాండ్ దాదాపు గెలిచింది ఆ మందు పుట్టకముందే. ఒక్క కాగితంలో పట్టే మాటతో ఇంత పని జరిగిందన్నది మన పంచాయతీలు ఆలోచించవలసిన విషయం.

ఇంకొన్ని

డైపైలిడియం అనే మరో బద్దెపురుగు కుక్క ఒంటిమీద గెంతే చిన్న పురుగుల కడుపులో పెరుగుతుంది. కుక్కతో ఆడే పసివాడు ఆ గెంతే పురుగును మింగితే అంటుకుంటుంది, పెద్దగా హాని చేయదు. కుక్క పిర్ర నేలకేసి రాసుకుంటూ ఈడ్చుకుపోవడం, తోక కింద బియ్యపు గింజల్లాంటి ముక్కలు కదలడం దీని గుర్తులు. పిడుదులు కుక్కల్లో రక్తహీనత తెచ్చే జబ్బును, మనుషుల్లో పిడుదు జ్వరాన్ని మోస్తాయి. కుక్క గజ్జి పురుగు మనిషికి అంటి కొన్ని రోజులు దురద పెట్టి పోతుంది. డైరోఫైలేరియా దోమ కాటుతో కుక్క నుంచి మనిషికి వస్తుంది. కంటి తెల్లగుడ్డు పొర కింద కదిలే పురుగుగా అది కేరళలో చాలామందిలో బయటపడింది.

మట్టిని చూడడం

ఒక మైదానంలో గుడ్లున్నాయో లేదో తెలుసుకోవడం కష్టమైన పనేమీ కాదు. ఇంటర్ చదివే పిల్లలు కూడా చేయగలరు. పై రెండంగుళాల మట్టిని నాలుగైదు చోట్ల తీసి, ఆరబెట్టి, జల్లెడ పట్టాలి. నీటితో కడిగి, అడుగున పేరుకున్న సన్నమట్టిని పరీక్ష గొట్టంలో వేసి, ఇక కరగనంత ఉప్పు కలిపిన నీటితో నిండా నింపాలి. మూతిమీద పల్చటి గాజుపలక ఆనించి పదిహేను నిమిషాలు కదపకుండా ఉంచాలి. మట్టి అడుగుకు పోతుంది, ఉప్పునీటికన్నా తేలికైన గుడ్లు పైకి తేలి గాజుకు అంటుకుంటాయి. దాన్ని సూక్ష్మదర్శిని కింద పెడితే ఏలికపాము గుడ్డు ముదురు గోధుమరంగులో, ఇంచుమించు గుండ్రంగా, మిల్లీమీటరులో పన్నెండో వంతు పరిమాణంలో కనిపిస్తుంది. పెంకు మీద కుట్టుపనికి వాడే అంగుష్ఠానంలా చిన్న చిన్న గుంతలుంటాయి. పాత గుడ్డయితే లోపల చుట్టుకుని పడుకున్న పిల్ల మెల్లగా కదులుతుంది. దాన్ని కళ్లారా చూసిన పిల్లవాడికి చేతులు కడుక్కోమని మళ్లీ చెప్పనవసరం ఉండదు.

బాధ్యత

1960 జంతుహింస నివారణ చట్టం కింద 2001లో, వాటి స్థానంలో 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కలను చంపరాదు. సంతాన నియంత్రణ ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు, అదే ఏడాది మే నెలలో కాజీపేట రైల్వే కాలనీలో ఇంకో పిల్లవాడు కుక్కల దాడిలో చనిపోయాక తెలంగాణలో ఈ చర్చ వేడెక్కింది. ఆ తల్లుల దుఃఖం ముందు ఏ నియమమూ పెద్దది కాదు. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో పట్టిన కుక్కలకు ఆపరేషన్, టీకాలతో పాటు నట్టల మందు వేసి వదలాలని ఉంది. రేబిస్ ఉన్నవి, దాడిచేసేవి మాత్రం వదలకూడదు. నవంబరు 7న బడులు, దవాఖానలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో పట్టినవాటిని తిరిగి అక్కడే వదలవద్దని ఆదేశించింది. నట్టల మందు మాట కోర్టు ఉత్తర్వులోకి ఎక్కడం చిన్న విషయం కాదు. అయితే ఒక్కసారి వేసిన మందు కొన్ని వారాలే పనిచేస్తుంది, కుక్క మళ్లీ అదే మట్టి నాకుతుంది.

బొగ్గు ఊళ్లలో నేలకు యజమానులు చాలామంది. క్వార్టర్ల మధ్య పారిశుధ్యం కంపెనీది, బస్తీది మున్సిపాలిటీది, కాసిపేట వంటి చోట పంచాయతీది. మందమర్రి మున్సిపాలిటీకి ఏజెన్సీ చట్టాల చిక్కుతో దశాబ్దాలుగా ఎన్నికలే జరగలేదు. కుక్క పొద్దున కంపెనీ కాలనీలో తిని, మధ్యాహ్నం పంచాయతీ చెట్టుకింద పడుకుంటుంది. ఒకరు పట్టి ఆపరేషన్ చేసి, పక్కవాళ్లు చేయకపోతే ఖాళీ అయిన తావులోకి కొత్త కుక్కలొస్తాయి. ముగ్గురూ ఒకే వారం, ఒకే పట్టీతో పని మొదలుపెట్టనంత కాలం ఖర్చే మిగులుతుంది.

మందులు

కుక్కల నట్టల చికిత్స చరిత్రలో ఒక తెలుగువాడి పేరుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో నడిపించిన పరిశోధనల్లోంచి 1947లో డైఇథైల్‌కార్బమజీన్ వచ్చింది. బోదకాలు మాత్రగా ఇంటింటికీ తెచ్చి మింగించే మందు అదే. కుక్కల గుండెపురుగు రాకుండా దశాబ్దాలపాటు రోజూ వేసింది కూడా దాన్నే. కుక్క ఏలికపాము పిల్లలు మనిషి ఒంట్లో తిరిగే జబ్బుకూ వైద్యులు దాన్ని వాడారు. ఇప్పుడు ఆ పనికి ఎక్కువగా ఆల్బెండజోల్ ఇస్తున్నారు. చర్మం కింద పాకే పురుగుకు వాడే ఐవర్‌మెక్టిన్‌ను కనిపెట్టిన విలియం క్యాంప్‌బెల్, సతోషి ఓమురాలకు 2015లో నోబెల్ వచ్చింది.

కుక్కపిల్లలకు మందు వేసే లెక్క ఇది. పుట్టిన రెండో వారంలో మొదటి మోతాదు, ఆపైన నాలుగు, ఆరు, ఎనిమిది వారాలకు. తల్లికీ అదే రోజుల్లో వేయాలి. పైరాంటెల్ సిరప్ బరువును బట్టి నోట్లో పోస్తారు, పశువుల దవాఖానలో మోతాదు చెబుతారు. గుడ్లు పడడం మొదలయ్యేది మూడో వారం తర్వాత కాబట్టి రెండో వారం మోతాదు తప్పితే మిగతావి వేసినా నేల చెడినట్టే. వీధికుక్క ఈనినప్పుడు కొత్తవాళ్లను దగ్గరికి రానివ్వదు. రోజూ ఇంత అన్నం పెట్టే ఇంటావిడనో, గని గేటు దగ్గరి హోటలాయననో మాత్రం తోక ఊపి రానిస్తుంది. ఆ ఒక్కరి చేతికి సీసా ఇవ్వాలి.

డిసెంబరు నడుమ పుట్టిన పిల్లకు ఎనిమిదో వారం, అంటే నాలుగో మోతాదు, ఫిబ్రవరి రెండో వారంలో పడుతుంది. 2015లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, 2016 నుంచి దేశమంతటా ఫిబ్రవరి 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో నులిపురుగుల నివారణ దినం జరుపుతున్నారు. ఆ రోజు ఆయమ్మ పిల్లలను వరసగా నిలబెట్టి, రెండేళ్లు దాటినవాళ్లకు 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర, ఏడాది నిండి రెండేళ్ల లోపున్నవాళ్లకు అందులో సగం ఇచ్చి, నమిలి మింగేదాకా పక్కనే నిలబడి చూస్తుంది. ఎనిమిది వారాల కుక్కపిల్ల అప్పటికి ఖాళీ క్వార్టర్ వదిలి, అంగన్‌వాడీ గేటు దగ్గర మధ్యాహ్నపు అన్నం కోసం తల్లితో కాచుకోవడం నేర్చుకుని ఉంటుంది.